చలికాలంలో తక్కువ ఖర్చుతో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం ఎలా?

చలి ముదరగానే చాలామంది చేసే మొదటి పని హీటర్ కొనడం. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన పని. కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతుంటే ఎంత పెద్ద హీటర్ పెట్టినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. వేడి పుట్టించడానికి నెలనెలా డబ్బు కట్టాలి. ఉన్న వేడి పోకుండా ఆపడానికి చాలావరకు ఒక్కసారి ఒళ్లు వంచితే సరిపోతుంది. అందుకని ముందు సందుల సంగతి చూడండి, తర్వాత కిటికీలు, నేల, ఆ తర్వాత పడక. హీటర్ మాట అప్పుడు ఆలోచిద్దాం.

పని మొదలుపెట్టే ముందు గది ఉష్ణోగ్రత చూపే చిన్న థర్మామీటర్ ఒకటి, వీలైతే తేమ శాతం కూడా చూపేది, తెచ్చి పెట్టుకోండి. మన ఒంటికి తోచేదాన్ని నమ్మి ఖర్చు పెట్టకూడదు. అలిసిపోయి వచ్చినరోజు 20 డిగ్రీలు కూడా చలిగానే అనిపిస్తుంది. ఇళ్లలో కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. పసిపిల్లలు, పెద్దవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఉన్న ఇంట్లో ఇంకాస్త ఎక్కువే ఉండాలి. మీ ఇంట్లో ఏ గది ఏ వేళకు ఎంతకు పడిపోతోందో రెండు మూడు రోజులు రాసుకుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

సందులు వెతకండి

బాగా గాలి వీచే సాయంత్రం ఈ పని పెట్టుకోండి. ఫ్యాన్లన్నీ ఆపి, తలుపులు కిటికీలు మూసి, ఒక అగరుబత్తి వెలిగించి కిటికీ చట్రం చుట్టూ, తలుపు అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా పైకి లేస్తున్నంతసేపు ఫర్వాలేదు. అడ్డంగా వాలిందంటే అక్కడ గాలి దారి ఉంది. కర్టెన్లకు మాత్రం దూరంగా పట్టుకోండి. పొగ పడనివాళ్లు చేతిని తడిపి అంచుల దగ్గర పెట్టినా తెలిసిపోతుంది. రాత్రిపూట ఒకరు బయట నిలబడి తలుపు అంచుల మీద టార్చి వేస్తే, వెలుతురు లోపలికి ఎక్కడ కనబడుతుందో గాలి కూడా అక్కడినుంచే వస్తుంది. కిటికీ రెక్క మధ్య ఒక కాగితం పెట్టి మూయండి. లాగగానే సులువుగా వచ్చేస్తే ఆ రెక్క సరిగా పట్టడం లేదని అర్థం.

తలుపు కింద సందును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు కింద 6 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. మొత్తం కలిపితే 54 చదరపు సెంటీమీటర్లు. గోడకు ఏడు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కన్నం ఉంటే ఆ రోజే పూడ్పిస్తాం కదా! దాన్నే తలుపు కింద పెట్టుకుని ఏళ్లు గడిపేస్తాం.

తలుపు వెడల్పున పాత ప్యాంటు కాలో, దుప్పటి ముక్కో గొట్టంలా కుట్టి, లోపల ఇసుక లేదా గుడ్డపేలికలు దట్టించి సందుకు ఆనించండి. పైసా ఖర్చు ఉండదు. రోజూ జరపడం విసుగనిపిస్తే తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. కిటికీ, తలుపు రెక్కలు ఆనేచోట వెనక జిగురుండే ఫోమ్ టేపు అంటించండి. అంటించే ముందు చట్రాన్ని తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, దుమ్ము మీద అంటిస్తే వారానికే ఊడొస్తుంది. టేపు మరీ మందమైతే రెక్క పట్టదు, గొళ్లెం పడదు. ముందు ఒక చిన్న ముక్క అంటించి మూసి చూశాకే మిగతాది కొయ్యండి. చట్రానికీ గోడకూ మధ్య ఉన్న కదలని పగుళ్లకు సిలికాన్ సీలెంటో, పుట్టీయో పెట్టాలి.

తలుపులు కిటికీలే కాకుండా ఇంకొన్ని చోట్లు చూడాలి. ఏసీ గొట్టం కోసం గోడకు కొట్టిన కన్నం, వంటింటి సింకు కింద పైపు బయటికి పోయే చోటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల వెనక ఖాళీ, కేబుల్ వైరు లోపలికి వచ్చే రంధ్రం. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది. పై సందుల్లోంచి అది బయటికి జారుకుంటుంటే, ఆ ఖాళీ నింపడానికి కింది సందుల్లోంచి చలిగాలి చొరబడుతుంది. కాళ్ల దగ్గర చల్లగా తగులుతోందని కిందే వెతికితే సగం పనే అయినట్టు, తలెత్తి పైన కూడా చూడండి.

ఒక్క విషయంలో చెయ్యి ఆపుకోవాలి. గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్, కట్టెల పొయ్యి, ఇలా మంట ఏదైనా ఉండే గదిలో వెంటిలేటర్‌ను మూయకండి. ఆ గాలి దారి అక్కడ కావాలనే పెట్టారు.

కిటికీలు

అద్దం చాలా వేడి మింగుతుంది. ఒక పొర అద్దం ఉన్న కిటికీలోంచి, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు ఐదున్నర నుంచి ఆరు వాట్ల వేడి పోతుంది. లోపల 20 డిగ్రీలు, బయట 5 డిగ్రీలు, కిటికీ రెండు చదరపు మీటర్లు అనుకుంటే దాదాపు 170 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే ఇద్దరు మనుషులు గదికి ఇచ్చే వేడిలో చాలాభాగం ఆ ఒక్క కిటికీకే సరి.

పగలు ఎండ పడే కిటికీల కర్టెన్లు పూర్తిగా తీసేయండి, అద్దాలు తుడిచి పెట్టండి. ఎండంత చవకైన హీటర్ లేదు. పొద్దు వాలగానే అన్నీ మూసేయండి. కర్టెన్ ఎలా వేలాడుతోందన్నది దాని మందం కన్నా ముఖ్యం. గోడకు దూరంగా, కింద పైన తెరుచుకుని ఉంటే, అద్దం దగ్గర చల్లబడ్డ గాలి కర్టెన్ కింది నుంచి జారి గదిలోకి వస్తూనే ఉంటుంది. కాబట్టి నేలకో, కిటికీ కింది అరుగుకో ఆనేటట్టు, రెండు పక్కలా గోడను తాకేటట్టు ఉండాలి. కర్టెన్ రాడ్డుకూ గోడకూ మధ్య ఖాళీని పైన ఒక చెక్కతోనో, మడిచిన గుడ్డతోనో కప్పేయండి. కొత్తవి కొనక్కర్లేదు, పాత దుప్పటిని ఉన్న కర్టెన్ వెనక కుట్టేస్తే రెండు పొరలవుతుంది.

పెద్దగా వాడని కిటికీకి బబుల్ ర్యాప్ మంచి ఉపాయం. అద్దం మీద నీళ్లు చిలకరించి, బుడగలున్న వైపు అద్దానికి ఆనేటట్టు నొక్కితే జిగురు లేకుండానే అంటుకుంటుంది. కదలని గాలి వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది అదే. వెలుతురు వస్తుంది కానీ బయటి దృశ్యం మసకబారుతుంది. అందం చూసుకునే చోట, కిటికీ చట్రం మొత్తానికీ పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును రెండువైపులా అంటుకునే టేపుతో బిగించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే ముడతలు పోయి బిగుస్తుంది. అందుకోసం విడిగా అమ్మే షీటే కొనాలి, మామూలు ప్లాస్టిక్ అలా బిగుసుకోదు. రెండు పొరల అద్దాల కిటికీలు మంచివే. కానీ ఖర్చు రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది, వేడి కోసమే అయితే తొందరపడొద్దు.

నేల, గోడలు

రాతి నేల, టైల్స్ నేల కాలికి తగిలితే జివ్వుమంటాయి. చెక్క నేల అదే ఉష్ణోగ్రతలో ఉన్నా అలా అనిపించదు. టైలు వేడిని పాదంలోంచి వేగంగా లాగేస్తుంది, చెక్క అంత వేగంగా లాగదు. తేడా అంతే. మీరు ఎక్కువసేపు కూర్చునే, నిలబడే చోట్ల మాత్రమే తివాచీ, చాప, పాత కంబళి ఏదో ఒకటి పరవండి. కింద అట్టముక్కలో, నాలుగైదు మడతల న్యూస్‌పేపరో వేస్తే పలచటి చాప కూడా బాగా పనిచేస్తుంది. జారకుండా అంచులు అంటించండి, ముఖ్యంగా పెద్దవాళ్లు నడిచేచోట.

గదిలో గాలి వెచ్చగానే ఉన్నా బయటిగోడ పక్కన కూర్చుంటే చలేస్తుంది. ఒంటి వేడి ఆ చల్లటి గోడ వైపు కిరణాల రూపంలో పోతుంటుంది. కుర్చీని, మంచాన్ని బయటిగోడకూ కిటికీకీ దూరంగా, లోపలి గోడవైపు జరపడానికి ఖర్చేం లేదు. బీరువాను, పుస్తకాల అలమరాను మాత్రం బయటిగోడకు పూర్తిగా ఆనించకండి. వెనక గాలి ఆడకపోతే చెమ్మ చేరి బూజు పడుతుంది. నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

ఒక్క గదిలోకి చేరండి

ఇల్లంతా వేడి చేయాలన్న పంతం వదిలితే ఖర్చు అక్కడికక్కడే తగ్గుతుంది. చిన్నది, బయటిగోడలు తక్కువున్నది, పగలు ఎండ పడేది చూసి ఒక గదిని ఎంచుకోండి. సాయంత్రం నుంచి పడుకునేదాకా అందరూ అక్కడే. చదువులు, కబుర్లు, టీవీ అన్నీ అందులోనే. నలుగురు మనుషులంటే ఎలాగూ 400 వాట్ల హీటర్ ఉన్నట్టే. మిగతా గదుల తలుపులు మూసి, వాటి కింద కూడా గుడ్డ గొట్టం పెట్టండి. పిల్లలకు మొదట్లో చిరాకే, చోటు కోసం కొట్లాటలూ తప్పవు.

ఒంటికి, పడకకు

గదిని వేడి చేయడం కన్నా మనిషిని వేడిగా ఉంచడం ఎప్పుడూ చవకే. ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు మూడు పలచటి పొరలు మేలు. పొరల మధ్య చిక్కిన గాలే చలిని ఆపుతుంది, అందుకే బిగుతుగా ఉండకూడదు. మేజోళ్లు కూడా అంతే, బూట్లలో పట్టక బిగుసుకునేటంత మందమైనవి వేస్తే పాదాలు ఇంకా చల్లబడతాయి. చెమట పట్టినవి, తడిసినవి వెంటనే మార్చేయాలి. తలకు టోపీ, మెడకు మఫ్లర్ ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు, నవ్వేవాళ్లు నవ్వనీ.

పడక దగ్గర చాలామంది దుప్పట్లన్నీ పైనే కప్పుకుంటారు. పరుపు పలచనిదైతే చలి కిందినుంచే వస్తుంది. ఒంటి బరువుకు కింద దూది అణిగిపోయి గాలి నిలవదు. నవారు మంచం, మడత మంచం లాంటివైతే అడుగున గాలి ఆడుతూనే ఉంటుంది. ఉన్న రెండు కంబళ్లలో ఒకదాన్ని కింద పరిచి చూడండి, ఆ ఒక్క రాత్రికే తేడా తెలుస్తుంది.

వేడినీళ్ల సంచి పడకలో పెట్టుకోవడం పాత పద్ధతే కానీ లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. రెండు లీటర్ల నీళ్లను 15 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు తేవడానికి పట్టేది 0.13 యూనిట్ కరెంటు. 1000 వాట్ల హీటర్ ఎనిమిది నిమిషాల్లో అంత తాగేస్తుంది. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకూడదు. సంచిని మూడింట రెండు వంతులే నింపి, లోపలి గాలి వత్తి బయటికి పంపి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకోవాలి. గుడ్డ చుట్టి, పడుకునే ముందే పాదాల చోట పెట్టండి. రబ్బరు పగుళ్లు తేలితే ఆ సంచిని పారేయండి. పసిపిల్లల పక్కన, స్పర్శ తగ్గిన మధుమేహ రోగుల పాదాల దగ్గర ఇది వద్దు, కాలినా తెలియదు.

పసిపాపను వదులు దుప్పట్లతో కప్పడం కూడా ప్రమాదమే, మొహం మీదికి జారుతుంది. ఒంటికి సరిపడా బట్టలు పొరలుగా తొడగండి. పెద్దవాళ్లది ఇంకో ఇబ్బంది. వయసు పైబడ్డాక చలి పుట్టినా తెలియకపోవచ్చు, "నాకేం లేదమ్మా" అంటారు. వాళ్ల మాటకన్నా గదిలోని థర్మామీటర్‌ను నమ్మండి. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తక్కువకు పడిపోతే ప్రాణానికే ముప్పు. మాట తడబడటం, మత్తుగా ఉండటం, వణుకు ఉన్నట్టుండి ఆగిపోవడం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

హీటర్ కొనాల్సి వస్తే

లెక్క సులువు. 1000 వాట్ల హీటర్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్. కాయిల్, హాలోజెన్, ఫ్యాన్ హీటర్, నూనె నింపినది, ఏదైనా సరే లాగిన కరెంటంతా వేడిగానే మారుతుంది. "తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి" అని డబ్బా మీద రాసినా నమ్మొద్దు. తేడా ఆ వేడి మనకు చేరే తీరులో ఉంది. ఎర్రగా వెలిగేవి ఎదురుగా ఉన్న మనిషిని నేరుగా వెచ్చబరుస్తాయి, ఒక్కరే కూర్చుని పనిచేసుకునే చోటికి బాగుంటాయి. ఫ్యాన్ హీటర్ చిన్నగదిని త్వరగా వేడెక్కిస్తుంది, చప్పుడు చేస్తుంది. నూనెది నిదానంగా వేడెక్కి, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. నా ఓటు థర్మోస్టాట్ (గది తగినంత వేడెక్కగానే హీటర్‌ను తనే ఆపేసే భాగం) ఉన్న దేనికైనా.

వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ ఇంట్లో ఉంటే కథ మారిపోతుంది. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్నదాన్ని లోపలికి మోసుకొస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి దాకా ఇవ్వగలదు, బయట మరీ గడ్డకట్టే చలి లేకపోతే. చాలామంది ఇళ్లలో ఆ బటన్ ఉన్నా నొక్కకుండా పక్కన కాయిల్ హీటర్ పెట్టుకుంటారు.

రాత్రంతా హీటర్ వేసుకునే అలవాటుంటే, పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటి గురించి ఆలోచించండి. సాధారణంగా 60 నుంచి 100 వాట్లే లాగుతుంది. ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా ఒక యూనిట్ దాటదు. మడతలు పడనివ్వకూడదు, తడవనివ్వకూడదు, తీగ బయటపడ్డదాన్ని వాడకూడదు.

"ఆపి మళ్లీ వేస్తే ఎక్కువ కాలుతుంది, సన్నగా వేసి ఉంచితేనే మేలు" అన్న మాట వినే ఉంటారు. గది ఎంత వెచ్చగా ఉంటే అంత వేగంగా వేడి బయటికి పోతుంది. కాబట్టి ఎవరూ లేనప్పుడు మామూలు హీటర్‌ను ఆపేయడమే లాభం. బయట 5 డిగ్రీలున్నప్పుడు గదిని 22 నుంచి 20కి తగ్గిస్తే, తేడా 17 డిగ్రీల నుంచి 15కు వస్తుంది. ఖర్చు ఎనిమిదో వంతు తగ్గినట్టు.

హీటర్‌ను గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వద్దు. 2000 వాట్లది 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ మీద ఎంత రాసుందో చూసుకోండి, ప్లగ్గు పట్టుకుంటే వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి. కర్టెన్లు, పరుపులు ఒక మీటరు దూరంలో ఉండాలి. హీటర్ మీద బట్టలు ఆరేయకండి.

బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టి పడుకోవడం మాత్రం ఎంత చలైనా వద్దు. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయంటే ప్రమాదం పోయినట్టు కాదు. అప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత నిద్రలోంచి లేవలేకపోవడం. గ్యాస్ పొయ్యిని గది వెచ్చబడటానికి వెలిగించి ఉంచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మంటతో వేడి చేసుకోక తప్పని ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి అంటే ముందు తలుపులు తెరిచి, మంట ఆర్పి, అందరూ బయటికి వచ్చేయండి.

చెమ్మను బయటికి పంపండి

సందులన్నీ మూశాక కొత్త సమస్య మొదలవుతుంది. ఊపిరి, స్నానం, వంట, ఆరేసిన బట్టల తేమ బయటికి పోయే దారిలేక పొద్దున్నే అద్దాలు చెమరుస్తాయి, గోడ మూలల్లో నల్లటి బూజు తేలుతుంది. తడిసిన గోడ పొడిగోడకన్నా వేగంగా వేడిని వదిలేస్తుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలు.

గదిలో బట్టలు ఆరేయడం వల్ల ఒక నష్టం కనబడదు. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.7 యూనిట్ వేడి కావాలి, అదంతా మీ గదిలోంచే పోతుంది. బయట ఎండలో ఆరేయండి, కుదరకపోతే బాల్కనీలోనో, తలుపు మూసిన వేరే గదిలో కిటికీ తెరిచో.

గాలి మార్చుకోవడానికి రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాల్లో మూసేయండి. వేడంతా పోతుందని భయపడక్కర్లేదు. 30 ఘనపు మీటర్ల గదిలో గాలంతా మారిపోయినా, దాన్ని 15 డిగ్రీలు వేడెక్కించడానికి 0.15 యూనిట్ చాలు. గోడల్లో, సామానుల్లో దాగిన వేడి అంత త్వరగా పోదు. అదే కిటికీని రాత్రంతా ఓరగా తెరిచి ఉంచారనుకోండి, గాలి గంటకోసారి మారినా పది గంటలకు ఒకటిన్నర యూనిట్.

సొంత ఇల్లయితే, కొంత డబ్బు చేతిలో ఉంటే

పైకప్పు మీద పెట్టండి. కాంక్రీటు కప్పులోంచి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు ఇంచుమించు నాలుగు వాట్లు పోతాయి. దానికి 5 సెంటీమీటర్ల మందం ఉన్న థర్మాకోల్ లాంటి నిరోధక పొర వేస్తే 0.6 వాట్లకు పడిపోతుంది. ఇంకో 5 సెంటీమీటర్లు కలిపితే 0.33. మొదటి పొర ఆపినంత రెండోది ఆపదు కాబట్టి, డబ్బు తక్కువైతే కప్పులో సగానికి పది సెంటీమీటర్లు వేయించే కన్నా మొత్తానికి ఐదు వేయించడమే నయం. మధ్యలో ఎక్కడా ఖాళీలు వదలకూడదని పనివాళ్లకు ముందే చెప్పండి, అతుకుల దగ్గరే వేడి జారిపోతుంది. కప్పు పైనుంచి వేయిస్తే దానిమీద నీరు దిగని పొర తప్పనిసరి. లోపలి నుంచి వేయిస్తే థర్మాకోల్‌ను అలాగే వదిలేయకుండా జిప్సం బోర్డుతో కప్పించండి, అది మంటకు ఇట్టే అంటుకుంటుంది. పని మొదలయ్యేలోపు కప్పులో ఎక్కడైనా నీరు దిగుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి, కింద చెమ్మ ఉండగా పైన మూసేస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది.